కోట చూడొచ్చు, నీళ్లు ముట్టొద్దు: దౌలతాబాద్ - ఎల్లోరా టూరు మీద ఒక విమర్శ

టూరుకు పోయొచ్చి దాని మీద విమర్శ రాస్తానంటే మిత్రులు నవ్వారు. కథ మీద, కవిత మీద, నవల మీద రాయాలి గానీ టూరు మీద విమర్శేంటని వాళ్ల అనుమానం. గైడ్ చెప్పే మాట కూడా ఒక పాఠ్యమే అని నేనంటాను. దానికి నాయకులున్నారు, ప్రతినాయకులున్నారు, ఎత్తుగడ ఉంది, ముగింపు ఉంది. దాంట్లో చోటు దొరకని మనుషులూ ఉన్నారు. బడి పుస్తకాల్లో మన చరిత్ర ఎందుకు లేదని మనం ఏళ్ల తరబడి అడుగుతున్నాం. కోటల దగ్గర, గుహల దగ్గర రోజూ నోటితో చెప్పే చరిత్రను మాత్రం పెద్దగా పట్టించుకోలేదు. బడి మానేసినవాడు కూడా ఈ చరిత్ర వింటాడు, పిల్లల్ని వెంటబెట్టుకుని మరీ వింటాడు. కాబట్టి దీన్ని విమర్శకు పెట్టక తప్పదు.

పోయిన డిసెంబరులో మేం నలుగురం రీసెర్చ్ స్కాలర్లం డబ్బులు జమ చేసుకుని ఔరంగాబాద్‌లో ఒక రోజుకు కారూ గైడూ మాట్లాడుకున్నాం. 2023లో ఆ ఊరి పేరు ఛత్రపతి శంభాజీనగర్ అయింది. నేను చెప్పే సంగతులు ఎక్కువగా పాత పేరు నాటివి కాబట్టి ఆ పేరే వాడుతున్నాను. పొద్దున దౌలతాబాద్ కోట, మధ్యాహ్నం ఎల్లోరా, తిరుగు దారిలో ఖుల్దాబాద్, సాయంత్రం బీబీ కా మక్బరా. చేతికిచ్చిన కాగితం మీద బండి, డీజిల్, గైడ్, మనిషికి రెండు వాటర్ బాటిళ్లు, అన్నీ ఇచ్చిన డబ్బుల్లోనే అని రాసి ఉంది. ఈ బాటిళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికే వస్తాను.

బండెక్కగానే గైడ్ మా పేర్లు అడిగాడు. పేరు చెబితే ఇంటిపేరు కూడా అడిగాడు. మా తెలుగు ఇంటిపేర్లు ఆయన మరాఠీ చెవికి ఏ కులమూ చెప్పలేదు. ఇంకోసారి పలికించుకుని ఊరుకున్నాడు. ఆ రోజుకు అదే మా మారువేషం.

గైడ్ చెప్పిన చరిత్ర

గైడ్ మంచివాడే. తేదీలు నోటికి వచ్చు. యాదవ రాజు భిల్లముడు 12వ శతాబ్దంలో దేవగిరిని రాజధాని చేసుకోవడం, 1296లో అల్లాఉద్దీన్ ఖిల్జీ దాడి, 1327లో తుగ్లక్ ఢిల్లీ జనాన్ని ఇక్కడికి నడిపించి దౌలతాబాద్ అని పేరు పెట్టడం, అన్నీ వరసగా చెప్పాడు. కందకం చూపించాడు. గబ్బిలాల కంపు కొట్టే చీకటి సొరంగంలో చేయి పట్టుకుని నడిపించాడు. మేం హైదరాబాద్ నుంచి వచ్చామని తెలిసి చీనీ మహల్ దగ్గర ప్రత్యేకంగా ఆపాడు. 1687లో గోల్కొండ పడిపోయాక అబుల్ హసన్ కుతుబ్‌షాను ఔరంగజేబు బందీగా పెట్టింది ఇక్కడే. మన భద్రాచలం రామదాసు కథలోని తానీషా ఆయనే. చచ్చేదాకా ఈ కోటలోనే ఉన్నాడు.

అంటే ఎవరి ఊరివాళ్లకు వాళ్ల కథ చెప్పే నేర్పు ఆ గైడ్‌కు ఉంది. తెలుగువాళ్లనగానే తానీషా. కానీ మా కథ కోట లోపల లేదు. అది గేటు బయట ఉంది. అక్కడ బండి దిగాం, టికెట్లు తీసుకున్నాం, లోపలికి పోయాం. గైడ్ ఒక్క మాట కూడా చెప్పలేదు.

గైడ్ చెప్పని టూరిస్టు

1934లో ఈ కోట చూడటానికి ఒక టూరిస్టు బృందం వచ్చింది. సుమారు ముప్పై మంది. అందరూ అంటరాని కులాలవాళ్లే, ఉద్యమంలో పనిచేసేవాళ్లే. వాళ్లతో డాక్టర్ అంబేద్కర్ ఉన్నాడు. వేరుల్, అంటే ఎల్లోరాలోని బౌద్ధ గుహలు చూడాలని నాసిక్ నుంచి బస్సులూ కార్లూ కిరాయికి మాట్లాడుకుని బయల్దేరారు. ఎవరికీ ముందుగా చాటింపు వేయలేదు. అంటరానివాళ్లు ఊళ్లు చూడ్డానికి పోతే ఎదురయ్యే ఇబ్బందులు తెలుసు కాబట్టి కావాలనే గుట్టుగా పోయారు. ఆగబోయే చోట్ల ఉన్న మనవాళ్లకు మాత్రమే కబురు పెట్టారు. ఈ సంగతంతా అంబేద్కర్ ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశాడు. ఆ చిన్న రచనను పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1990లో అచ్చు వేసింది.

దౌలతాబాద్ ఊరి మొదట్లో మనవాళ్లు ఎదురొచ్చి చాయ తాగి పొమ్మన్నారు. పొద్దు పోతుందని, కోట చూసొచ్చి తాగుతామని వీళ్లు ముందుకు పోయారు. కోట గేటు బయట చిన్న కుంట, నిండా నీళ్లు, చుట్టూ రాతి గచ్చు. ఒంటి నిండా దారి దుమ్ము. కొందరు ఆ నీళ్లతో మొఖం, కాళ్లు కడుక్కున్నారు. అది రంజాన్ నెల. తెల్లగడ్డం ముసలాయన ఒకడు కుంట మైలపడిందని అరుచుకుంటూ వచ్చాడు. చూస్తుండగానే గుంపు పోగైంది, తిట్లు మొదలయ్యాయి. మేం బయటివాళ్లం, ఇక్కడి ఆచారం తెలియదని వీళ్లు చెప్పారు. అప్పుడు గుంపు కోపం స్థానిక అంటరానివాళ్ల మీదికి మళ్లింది. వాళ్లకు మీరెందుకు చెప్పలేదని పట్టుకున్నారు.

అంబేద్కర్ ఓపిక నశించింది. మీ మతం నేర్పేది ఇదేనా, ఒక అంటరానివాడు ముస్లిం అయితే అప్పుడు కూడా నీళ్లు ఆపుతారా అని నిలదీశాడు. జవాబు రాలేదు. కాపలావాడు పేరు అడిగితే కాగితం మీద రాసిచ్చాడు. కాగితం లోపలికి పోయి అనుమతి బయటికి వచ్చింది. కోట చూడొచ్చు. లోపల ఎక్కడా నీళ్లు ముట్టొద్దు. ముడతారేమోనని ఆయుధం పట్టిన సిపాయిని వెంట పంపించారు.

ఆ రోజు వాళ్లకు దొరికిన గైడ్ ఆ సిపాయి.

ఈ మౌనం ఏం చేస్తుంది?

కోట దిగేటప్పుడు ఈ సంగతి మా గైడ్‌కు చెప్పాం. ఆయన శ్రద్ధగా విన్నాడు. “మాకు ట్రైనింగ్‌లో ఇది చెప్పలేదు సార్” అన్నాడు. కాసేపాగి, “ఇట్లాంటివి చెబితే టూరిస్టుల మూడ్ పాడవుతది” అన్నాడు. ఆయన్ని తప్పు పట్టడం తేలిక, కానీ దాంతో ఒరిగేదేమీ లేదు. సీజన్ ఉన్నప్పుడే అన్నం దొరికే మనిషి ఆయన. సమస్య ఆయన నేర్చుకున్న పాఠంలో ఉంది.

ఆ పాఠం ప్రకారం కోట చరిత్ర అంటే దాన్ని గెలిచినవాళ్ల, పోగొట్టుకున్నవాళ్ల చరిత్ర. యాదవులు, ఖిల్జీలు, బహమనీలు, మొగలులు, నిజాములు. కోటను చూడబోయి గేటు దగ్గర ఆగినవాళ్లది చరిత్ర కిందికి రాదు. ఇది తేదీల్లో ఒకటి తగ్గడం మాత్రమే అయితే నేనింత రాయను. ఇక్కడ జరిగే పని వేరు. 1934ను తీసేస్తే, ఈ రోజు మనం కోట చూడటం కేవలం టికెట్ డబ్బులతో వచ్చిన సౌకర్యంగా కనబడుతుంది. మహాడ్ చవదార్ చెరువు నీళ్లు 1927లో తాగి దెబ్బలు తిన్నవాళ్లు, 1937 దాకా ఆ చెరువు కోసం కోర్టుల్లో నడిచిన కేసు, రాజ్యాంగం 15వ అధికరణంలో బావులు, చెరువులు, స్నానఘట్టాలు అన్న మాటలు, ఇవన్నీ మాయమవుతాయి. మన చూపుకు కూడా ఒక పోరాట చరిత్ర ఉందన్నది మనమే మరిచిపోతాం.

ఇంకో ప్రమాదం కూడా చెప్పాలి. ఆ రోజు తిట్టినవాళ్లు ముస్లింలు. ఈ ఒక్క సంఘటనను కత్తిరించి ముస్లింల మీదికి విసిరేవాళ్లు ఇప్పుడున్నారు. అదే రచనలో మసూర్ స్టేషన్ నుంచి ఎడ్లబండిలో పోతూ తెల్లారేదాకా గుక్కెడు నీళ్లు దొరకని పిల్లలున్నారు. బరోడాలో కర్రలు పట్టుకొచ్చి అంబేద్కర్‌ను సత్రంలోంచి వెళ్లగొట్టిన పార్సీలున్నారు. హిందువుకు అంటరానివాడైనవాడు ఈ దేశంలో అందరికీ అంటరానివాడే అవుతున్నాడన్నది ఆయన వాదం. మొదటి సగం దాచిపెట్టి రెండో సగం చదివేవాళ్లకు ఆ పుస్తకం మీద హక్కు లేదు.

ఎల్లోరాలో మహర్‌వాడా

దౌలతాబాద్ నుంచి ఎల్లోరా పావుగంట, ఇరవై నిమిషాల దారి. అక్కడ 34 గుహలు. 1 నుంచి 12 బౌద్ధం, 13 నుంచి 29 హిందూ, చివరి ఐదూ జైనం. మా గైడ్ 16తో మొదలుపెట్టాడు. అది కైలాస దేవాలయం, 8వ శతాబ్దంలో రాష్ట్రకూట కృష్ణుడి కాలం నాటిది. కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చారు. చూస్తే నోట మాట రాదు, ఆ మాట ఒప్పుకోవాలి. అక్కడే గంటన్నర గడిచింది. బౌద్ధ గుహలన్నిటికీ కలిపి మిగిలింది అరగంట. 1934లో వచ్చిన బృందం చూడాలనుకున్నది ఆ బౌద్ధ గుహలనే.

కృష్ణుడు కట్టించాడు అంటాడు గైడ్. చెక్కిందెవరు? కైలాసాన్ని పొగిడే 9వ శతాబ్దపు బరోడా రాగి శాసనం ఒకటుంది. దీన్ని నేనెట్లా చేయగలిగానని శిల్పే ఆశ్చర్యపోయాడని అందులో ఉంది. ఆశ్చర్యాన్ని రాసుకున్నారు గానీ ఆ శిల్పి పేరు రాయలేదు. పన్నెండు వందల ఏళ్ల తరవాత గైడ్ చెప్పే పాఠంలోనూ ఆ పేరు ఖాళీగానే ఉంది.

5వ నంబరు గుహ పొడుగాటి హాలు. మధ్యలో రెండు వరసలుగా తక్కువ ఎత్తు రాతి బల్లలు ఈ చివర నుంచి ఆ చివరకు ఉంటాయి. భిక్షువుల భోజనశాల అన్నాడు గైడ్, ఫొటో తీసుకోమన్నాడు. దానికి స్థానికులు పెట్టుకున్న పేరు మహర్‌వాడా. వానాకాలం మహర్లు అక్కడ తలదాచుకునేవాళ్లని, అందుకే ఆ పేరొచ్చిందని చెబుతారు. ఊళ్లో చోటు లేనివాళ్లకు బుద్ధుడి గుహ చూరు అయింది. మా ఊళ్లో మాదిగవాడలో పుట్టిన నాకు ఆ పేరు విన్నాక ఆ రాతి బల్లలు వేరేగా కనబడ్డాయి. అంత దూరం పోయి మన వాడలోకే వచ్చినట్టయింది. ఆ పేరు గైడ్‌కు తెలుసట. అడిగితే చెప్పాడు. అడక్కపోతే చెప్పడు.

డ్రైవర్ మాట

చీకటి పడే వేళ గైడ్ దిగిపోయాడు. మిలింద్ కాలేజీ మీదుగా పోనిమ్మని డ్రైవర్‌ను అడిగాం. అంబేద్కర్ 1950లో పెట్టిన కాలేజీ అది. పక్కనే విశ్వవిద్యాలయం. దానికి అంబేద్కర్ పేరు పెట్టాలని 1978లో శాసనసభ తీర్మానం చేస్తే మరాఠ్వాడా పల్లెల్లో దళితుల ఇళ్లు తగలబడ్డాయి, మనుషులు చచ్చిపోయారు. 1994 జనవరి 14న గానీ ఆ పేరు రాలేదు. బీబీ కా మక్బరా నుంచి ఈ చోటు ఎంతో దూరం లేదు. టూరు కాగితంలో మాత్రం లేదు.

డ్రైవర్ అద్దంలోంచి మా వైపు చూసి “జై భీమ్” అన్నాడు. వాళ్ల నాన్న మిలింద్‌లోనే చదివాడట. కోట గేటు దగ్గరి సంగతి తెలుసా అని అడిగాం. “మా ఇంట్లో అందరికీ తెలుసు సార్. గైడ్ ఉన్నప్పుడు నేను మాట్లాడను. మాట్లాడేది ఆయన పని, నడిపేది నా పని” అన్నాడు. రోజంతా మా బండిలో రెండు చరిత్రలు ప్రయాణం చేశాయి. ఒకదానికి నోరుంది, జీతముంది. ఇంకొకటి స్టీరింగ్ పట్టుకుని ఊరుకుంది.

మన మీద కూడా ఒక మాట

వేలు వాళ్ల వైపే చూపించి వదిలేస్తే ఇది సగం విమర్శే అవుతుంది. 1934 నాటి తమ పొరపాటును అంబేద్కర్ దాచలేదు. ఎవర్నీ అడక్కుండా నీళ్లు ముట్టుకున్నది తామేనని, స్థానికుల తప్పేమీ లేదని రాశాడు. టూరిస్టు పొద్దుగూకాక వెళ్లిపోతాడు. అక్కడే ఉండేవాళ్లు తిట్లు పడతారు. యూనివర్సిటీ దాకా వచ్చి, కారు మాట్లాడుకునే స్థితికి చేరిన మనలాంటివాళ్లం ఈ మాట దగ్గర ఆగాలి. ఎల్లోరా పోయే దారిలో ఎన్ని వాడలు దాటాం? ఒక్క చోట దిగి చాయ తాగామా? దౌలతాబాద్‌లో ఆ రోజు ఎదురొచ్చి, మన బృందం కోసం మాటలు పడ్డవాళ్ల మనవళ్లు ఇప్పుడెక్కడున్నారని అడిగామా? మేం అడగలేదు. మా టూరూ గైడ్ గీసిన గీత లోపలే నడిచింది.

మా తాత మా ఊరి నీరడి. చెరువు తూము ఎప్పుడు తీయాలో, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో ఆయన చేతిలో ఉండేది. ఊరందరి పొలాలు తడిపిన ఆ చేయి ఊరి మంచినీళ్ల బావి చేదను ముట్టుకోవద్దు. ఎవరన్నా పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. 1934లో ఆయన పశులు కాసే పిల్లగాడు. ఆయనా, దౌలతాబాద్ మనవాళ్లూ ఒకే నిజాం రాజ్యంలో బతికారు. ఔరంగాబాద్ 1956 దాకా మన హైదరాబాద్ రాష్ట్రంలోదే. కాబట్టి ఆ కుంట కథ మరాఠీ కథ అని మనం పక్కన పెట్టడానికి లేదు.

ఇంటికి పోయినప్పుడు మా నాయిన అడిగాడు: “ఏం జూసినవ్ బిడ్డా?” కొండను పైనుంచి చెక్కిన గుడి సంగతి చెప్పాను. అంతా విని, “మరి తాగనీకి నీళ్లు దొరికినయా?” అన్నాడు. ఎండన పడి తిరిగొచ్చిన కొడుకును ఏ తండ్రయినా అడిగే మాటే అది. మనిషికి రెండు బాటిళ్లు ఇచ్చిండ్రు నాయినా అన్నాను.

ఆ బాటిళ్లు బండి కిరాయిలో వచ్చాయని కాగితం చెబుతుంది. మనం వేరే మాట చెప్పగలగాలి. మరాఠీ వచ్చిన మన విద్యార్థులు దౌలతాబాద్ వాడల్లో కూచుని 1934 గురించి ముసలివాళ్ల నోట ఏం మిగిలిందో రాసుకోవాలి. పాఠశాలల నుంచి పిల్లల్ని ఎల్లోరాకు తీసుకుపోయే టీచర్లు కోట గేటు దగ్గర ఐదు నిమిషాలు ఆగాలి. గైడ్‌కు తెలియకపోతే వాళ్లే చెప్పాలి. డ్రైవర్‌కు తెలిస్తే అతన్ని చెప్పమనాలి. ఆ తరవాతే టికెట్లు తీసుకుని లోపలికి పోవాలి.