పెద్ద పాట, చిన్న పాట

శాస్త్రీయ సంగీతం పెద్దది, డప్పు పాట చిన్నది అనే మాట మన ఇళ్లలోనూ వినిపిస్తోంది. దీన్ని మేము ఒప్పుకోం. ఎందుకో చెబుతాం.

రైల్వే పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి ఖరగ్‌పూర్ వెళ్లి తరతరాలుగా స్థిరపడిన తెలుగువాళ్లు ఎందరో. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ ఆ ఊరిదే. అలాంటి చోట పెరిగే పిల్లలకు తెలుగు ఏ పాటతో అందాలి? కీర్తనతోనా, డప్పుతోనా? ఆ పార్కు మోస్తున్నది ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పేరు. సంస్కృత పండితుడైన ఆయన 1855లో పిల్లల కోసం బెంగాలీ వాచకం రాశాడు. పాండిత్యం ఆయనకు జనభాషను దూరం చేయలేదు.

కర్ణాటక సంగీతానికి 72 మేళకర్తల లెక్క ఉంది, రాగాన్ని విస్తరించే విద్య ఉంది. కాదనం. కానీ ఒకదాని కొలతతో ఇంకొకదాన్ని కొలవకూడదు. డప్పులో రాగాలాపన లేదనడం, వీణతో ఊరేగింపు నడవదనడం ఒక్కటే. డప్పు కళాకారుడు మంట సెగకు చర్మాన్ని బిగించి నాదం సరిచూసుకుంటాడు. రెండు చేతుల్లో రెండు రకాల పుల్లలతో వేర్వేరు దెబ్బలు పలికిస్తాడు. అదీ విద్యే.

ఇక మృదంగం సంగతి. దానికీ ఆవు, గేదె, మేక తోళ్లే కావాలి. వాటిని సిద్ధం చేసి మృదంగం కట్టేవారిలో ఎందరో దళితులు. టి.ఎం. కృష్ణ 2020లో ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ అనే పుస్తకమంతా వారి గురించే రాశారు. తోలు ఒకటే అయినప్పుడు ఒక వాద్యం సభకు, ఇంకొకటి చావుకు ఎలా వెళ్లాయి? ఆ తేడా తెచ్చింది నాదం కాదు, కులం.

డప్పు కొట్టడం వెట్టిగా ఉన్న రోజుల్లో దాన్ని వదిలేయడమే ఆత్మగౌరవం అనుకున్నవారున్నారు. అది న్యాయమే. 1994లో ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును హక్కుల గొంతుగా మార్చింది. అంటే అవమానం వాద్యంలో లేదు, బలవంతంలో ఉంది.

తథాగతుడు పాటను ఎలా చూశాడు? దీఘ నికాయంలోని సక్కపన్హ సుత్తంలో పంచసిఖుడు వీణ మీటుతూ పాడింది ప్రేమగీతం. తీగల నాదం, గొంతు చక్కగా కలిశాయని బుద్ధుడు మెచ్చుకున్నాడు. అంగుత్తర నికాయంలో మాత్రం ధమ్మాన్ని రాగాలు తీసి పాడటంలో ఐదు దోషాలు చెప్పాడు. మొదటిది, పాడేవాడు తన గొంతు మీద తానే మోజుపడటం. ప్రేమగీతానికి మెప్పు, ధమ్మ పారాయణానికి హెచ్చరిక! ఆయన చూసింది పాట ఏ జాతిదని కాదు, అది మనసును ఏం చేస్తోందని.

అలాగని అన్ని పాటలూ సమానమని మేము అనడం లేదు. సినిమా బాణీలో బాబాసాహెబ్ పేరు ఇరికించినంత మాత్రాన మంచి పాట అయిపోదు. డప్పు పాట అయినంత మాత్రాన లోపాలు మాఫీ కావు. పాటను పాటగా తూచుదాం, పుట్టిన వాడను బట్టి వద్దు. పిల్లలకు వీణా నేర్పుదాం, డప్పూ నేర్పుదాం. నేర్పే గురువులిద్దరికీ ఒకే వేదిక, ఒకే కుర్చీ, ఒకే పారితోషికం ఇద్దాం.