ఓపిక లేదనే మాట

వంట చేసీ చేసీ ఇక వంటింటి గడప తొక్కాలంటేనే మనసు మొరాయించే స్థితికి తెలుగులో ఒక పేరంటూ లేదు. విసుగు అంటాం, చిరాకు అంటాం. పక్కవాళ్ళయితే బద్ధకం అంటారు. అన్నీ మనిషి స్వభావానికి అంటగట్టే మాటలే తప్ప పని గురించి చెప్పేవి కావు. స్త్రీలు తమకు తాము వాడుకునే మాట మాత్రం ఒకటుంది, "ఓపిక లేదు". దీంట్లోనే ఒక చిక్కుంది. ఓపిక అంటే ఒంట్లో సత్తువ, ఓపిక అంటే సహనం కూడా. సత్తువ లేదని ఆమె చెప్తే సహనం లేదని ఇల్లు వింటుంది.

పోనీ ఇంగ్లీషు మాట అరువు తెచ్చుకుందామా అంటే అదీ కుదరదు. 2019లో ఆమోదం పొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ బర్నౌట్‌ను ఉద్యోగానికి సంబంధించిన స్థితిగా మాత్రమే నిర్వచించింది. జీవితంలోని ఇతర సందర్భాలకు ఈ మాట వాడకూడదని విడిగా చెప్పింది కూడా. నిస్సత్తువ, చేసే పని పట్ల విముఖత, ఏదీ సరిగ్గా చేయలేకపోతున్నానన్న భావన దాని లక్షణాలు. ఈ మూడూ వంటింట్లో ఎరగని వాళ్ళు మనలో ఎందరు? జీతం లేని పనికి ఆ పేరు కూడా దక్కదన్నమాట.

మరి ఈ అలసటను మన సాహిత్యం ఎలా పట్టుకుంది? 'నీలి మేఘాలు' సంకలనం (1993) చదివిన ఎవరికైనా ముందు గుర్తొచ్చేది విమల 'వంటిల్లు'. ఆ కవిత అనగానే మనం దాని ముగింపునే, వంటిళ్ళను కూల్చేద్దామన్న పిలుపునే తలుచుకుంటాం. సభల్లో చదివేదీ, వ్యాసాల్లో ఉదహరించేదీ అదే. నాకు మాత్రం అంతకు ముందున్న భాగం ఇవాళ ఎక్కువ పదునుగా కనిపిస్తోంది. పొగచూరిన వంటిల్లు పోయి గ్యాస్ పొయ్యి, గ్రైండర్ వచ్చాయి. చాకిరీ ఎక్కడికీ పోలేదు. విమల ఈ సంగతి అప్పుడే చెప్పారు. కూల్చడానికీ రేపు పొద్దుటి టిఫినుకూ మధ్య ఉన్న కాలం గురించి చెప్పాల్సిన బాధ్యత కవితకు లేకపోవచ్చు. ఆ కాలాన్ని దాటేసి నినాదం దగ్గరే ఆగిపోయింది మన విమర్శ.

జాతీయ కాల వినియోగ సర్వేలు విమల మాటకు లెక్క కట్టినట్టున్నాయి. జీతం లేని ఇంటిపనులు చేసే స్త్రీలు 2019లో రోజుకు సగటున 299 నిమిషాలు వాటికి వెచ్చించారు. ఆ పనులు చేసే పురుషులు వెచ్చించింది 97 నిమిషాలు. 2024కి వచ్చేసరికి స్త్రీలది 289, పురుషులది 88. ఆమెకు పది నిమిషాలు తగ్గితే ఆయనకు తొమ్మిది తగ్గాయి!

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథ ఇంకో దారిలో వెళ్తుంది. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోయిన ఇల్లాలు. ఆమె పేరు ఎవరూ లాక్కోలేదు. రోజూ ఒకే పని చేయడంలో అది అరిగిపోయింది. దుర్మార్గుడంటూ ఎవరూ లేని అణచివేతను ఇంత చిన్న కథలో చూపించడం మామూలు విషయం కాదు. చిన్ననాటి స్నేహితురాలి ద్వారా పేరు దొరుకుతుంది, ఆమె ఇంటికి తిరిగొస్తుంది. పేరు దొరికిన మర్నాడు పొయ్యి ఎవరు వెలిగించారు? అసలు కథకు ఒక మలుపు కావాలి. వంట అలసటకు మలుపే ఉండదు. మంగళవారం తర్వాత బుధవారం వస్తుంది, అంతే. ఈ ప్రక్రియాపరమైన ఇబ్బంది గురించి మనం మాట్లాడుకోవాలి.

2021లో వచ్చిన జియో బేబీ మలయాళ సినిమా 'ద గ్రేట్ ఇండియన్ కిచెన్' ఆ ఇబ్బందినే పద్ధతిగా మార్చుకుంది. తరగడం, వేయించడం, వడ్డించడం, ఎంగిలి తీయడం, కారుతున్న సింకు కింద నీళ్ళు ఎత్తడం, మళ్ళీ తరగడం. చూసేవాళ్ళకు విసుగొస్తుంది. విసుగు రావాలనే తీశారు. చివర్లో ఆమె వెళ్ళిపోతే అదే వంటింట్లోకి రెండో భార్య వస్తుంది. అయితే ఆ ఇంట్లో అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలని, పచ్చడి రోట్లోనే రుబ్బాలని శాసించే మామగారు కళ్ళెదుటే ఉన్నాడు. ఉద్యోగాలు చేసే మన మధ్యతరగతి ఇళ్ళలో చాలాచోట్ల ఇప్పుడు శాసించేవాళ్ళు కనిపించరు. "ఏదైనా పర్లేదు, నీ ఇష్టం" అంటారు.

ఆ 'నీ ఇష్టం' మహా బరువు. పిల్లాడు వంకాయ ముట్టడు. అత్తగారికి బీపీ, ఉప్పు తగ్గించాలి. ఆయనకు షుగరు. నిన్న సాంబారు అయిపోయింది, వరసగా రెండో రోజు పప్పంటే మొహాలు మారతాయి. రేపటి దోసెలకు మినప్పప్పు ఇప్పుడే నానబోయాలి. చేతులు ఖాళీగా ఉన్నప్పుడు కూడా జరుగుతూనే ఉండే ఈ పని ఏ నిమిషం కింద నమోదవుతుంది? మాలతీ చందూర్ 'వంటలు పిండివంటలు' మూడు తరాలకు ఎలా వండాలో నేర్పింది. ఈ పూట ఏం వండాలన్నది ఏ వంటల పుస్తకమూ తీర్చలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పకపోతే ఈ చర్చ కుంటిదవుతుంది. 'వంటిల్లు' అనగానే అది ఎవరి వంటిల్లు అని దళిత రచయిత్రులు అడిగారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన 'నల్లపొద్దు' తర్వాత ఆ ప్రశ్న విననట్టు నటించడం కుదరదు. కూలికెళ్ళి పొద్దుగూకి ఇంటికొచ్చిన స్త్రీకి ఏం వండాలన్న సందిగ్ధం కంటే వండడానికి ఏముందన్నది ముందు. చదువుకున్న స్త్రీలం మన అలసటకు వెతుక్కున్న పరిష్కారం వంటమనిషి. అంటే మన ఒక పూటను ఇంకో స్త్రీకి రెండో పూటగా మార్చడం. అది తప్పని తేల్చేయను, నాకూ అంతకంటే మంచి ఉపాయం తెలియదు. కానీ దాన్ని విముక్తి అని రాసుకుంటున్నప్పుడు కలం కాస్త తడబడాలి.

ఆ ఖర్చు కూడా భరించలేని వాళ్ళకు మన ఊళ్ళలో కర్రీ పాయింట్లున్నాయి. ఇంట్లో కుక్కర్లో అన్నం పడేసి, పప్పూ వేపుడూ ప్లాస్టిక్ కవర్లలో తెచ్చుకుని గిన్నెల్లోకి ఒంపుతాం. చుట్టాలొస్తే ఆ కవర్లు చెత్తబుట్ట అడుక్కి తోస్తాం. ఆ దాచడం మీద ఒక మంచి కథ రావాలి. కౌంటర్ వెనక గదిలో పొద్దుటినుంచీ డేగిశాల ముందు నిలబడే ఆవిడ రాత్రి ఇంటికెళ్ళి తనవాళ్ళకు ఏం వండి పెడుతుందో కూడా నేనింతవరకు ఏ కథలోనూ చదవలేదు.