ఫైలు ఏ బల్ల మీద ఆగింది?

ఫైలు కదలడం లేదంటే పాత ఆఫీసుల్లో రోడ్డు వెడల్పు చేయించమని ఎవరూ అడగలేదు. ఏ బల్ల మీద ఆగిందో ఆరా తీసేవారు. 2003 ఏప్రిల్ 1న ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్‌కు పెద్దాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది. అక్కడ ఒక్క కొర్రీ పడిందంటే కాగితం దాదాపు 880 కిలోమీటర్లు వెనక్కొచ్చి, సమాధానం మోసుకుని మళ్లీ బయల్దేరాలి. ఎంత వేగమైన రైలెక్కించినా కొర్రీలు తగ్గవు. దూరాన ఉన్న సర్వరు ఫైళ్లను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో ఫైళ్ల తీరూ ఇదే. చిన్న ఫైలు రాయాలన్నా క్లయింటు ఆ పేరుందా అని అడగాలి, ఫైలు తెరిపించాలి, రాయాలి, డిస్కులో పడిందో లేదో రూఢి చేసుకోవాలి. లెక్కకు నాలుగు కొర్రీలే, సర్వరు కూడా అంతే దూరంలో ఉందనుకుందాం. గాజు తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కనుక ఆ 880 కిలోమీటర్ల రానూపోనూ ప్రయాణానికి దాదాపు 9 మిల్లీసెకన్లు పడుతుంది. పదివేల ఫైళ్లు వరసగా పంపితే దాదాపు ఆరు నిమిషాలు ఉత్త ఎదురుచూపుకే పోతాయి. గిగాబిట్ లైను కొన్నా ఇందులో సెకను కూడా మిగలదు.

ఒక్క పెద్ద ఫైలు కూడా నత్తనడక నడిస్తే తప్పు లైనుదే కదా అంటారు. కావచ్చు, కానీ ముందు ఒక్కో విడతకు పంపే తునక ఎంతో చూడాలి. ఎన్‌ఎఫ్‌ఎస్ రెండో వెర్షన్‌లో ఒక విడతకు 8 కిలోబైట్లే హద్దు. నేటి లినక్స్‌లో మెగాబైటు దాకా వెళ్లొచ్చు. ఎప్పుడో ఎవరో మౌంట్ లైనులో రాసిపెట్టిన చిన్న డబ్ల్యూసైజ్ (రాసే తునక హద్దు) ఇప్పటికీ అక్కడే కూర్చుని ఉండొచ్చు. ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎస్‌ఐఓస్టాట్ అనే కమాండు చూపే రెండు గడులు పక్కపక్కన పెట్టి చదవాలి. ఆర్‌టీటీ (సర్వరు జవాబు వచ్చేదాకా పట్టే సమయం) తక్కువై ఎగ్జి (క్లయింటులో ఎదురుచూపుతో కలిపి మొత్తం సమయం) బాగా ఎక్కువుంటే పని క్లయింటు వరసలోనే నిలబడింది. ఆర్‌టీటీయే పెద్దదై పింగ్ మాత్రం చిన్నదైతే అనుమానం సర్వరు మీదికి, ముఖ్యంగా దాని డిస్కు మీదికి మళ్లాలి.

ఇంత తంటా దేనికి, సర్వరులో అసింక్ పెడితే సరిపోదా అనేవారున్నారు. వేగం పెరుగుతుంది, నిజమే. డిస్కులో పడకముందే పడిందని చెప్పే సర్వరుకు వేగం రాక ఏమవుతుంది! మళ్లీ తయారు చేసుకోగల తాత్కాలిక ఫైళ్లకు పర్వాలేదు; జీతాల పట్టీలకు నేనైతే ఒప్పుకోను. అంతకంటే పదివేల ఫైళ్లనూ టార్‌తో ఒకే కట్టగా కట్టి పంపడం మేలు. అయితే ఆ కట్టను సర్వరు మీదే విప్పాలి. క్లయింటులో కూర్చుని విప్పితే ఆ నలభై వేల రాకపోకలూ మళ్లీ మొదలు.