ఈ-పంటలో ఎక్కేది ఎవరి పేరు?

ఈ-పంట గురించి రాసేవాళ్ళు తరచూ చెప్పే మాట ఒకటుంది: కంప్యూటరుకి కులం తెలీదు, దళారీ పోయాడు, డబ్బు నేరుగా రైతు ఖాతాలో పడుతుంది. పడుతుంది, కాదనం. ఏ రైతు ఖాతాలో అన్నదే మా పేచీ.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ నీళ్ళు పారిన చేలల్లో నాట్లేసి, కోసి, కుప్పలేసిన మాల మాదిగల్లో ఎక్కువమందికి పట్టా దక్కలేదు. ఇవాళ వాళ్ళలో చాలామంది కౌలుదార్లు. ఆసామికి మక్తా బస్తాలు కొలిచి, మిగిలితే ఇంటికి తెచ్చుకుంటారు. కాగితం ఉండదు, నోటిమాటే.

పద్ధతి చూడండి. సిబ్బంది చేలోకొచ్చి సర్వే నెంబరు కొడతారు. వెబ్‌ల్యాండ్‌లో ఉన్న పట్టాదారు పేరొస్తుంది. పంట ఫొటో తీస్తారు. కౌలుదారుగా గుర్తింపు కావాలంటే కార్డుండాలి. 2011 చట్టం కార్డుకి ఆసామి సంతకం అడగలేదు. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం అడిగింది, అదీ 11 నెలల కాలానికి. సంతకం పెడితే రేపు భూమే నాదంటాడేమోనని ఆసామి భయం. పైగా ఆ పొలం మీద బ్యాంకు అప్పు తనే తెచ్చుకునుంటాడు. గట్టిగా అడిగినోడికి వచ్చే ఏడు కౌలే ఉండదు. ఇంక పేటలోవాడు ఏం అడుగుతాడు?

2023 డిసెంబరు మిచౌంగ్ తుఫానుకి డెల్టాలో వరి పడిపోయింది, కళ్ళాల్లో ధాన్యం తడిసింది. నష్టపరిహారానికి ఆధారం ఈ-పంట జాబితాయే. పెట్టుబడి పోగొట్టుకున్నోడు చేలో ఉంటే, జమయిందన్న ఎస్సెమ్మెస్ హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న ఆసామి ఫోన్లో మోగే ఏర్పాటిది.

పాత అడంగల్లోనూ అనుభవదారు గడి ఉంది. కరణం అందులో ఆసామి చెప్పిందే రాసేవాడు. 1984లో కరణీకం రద్దయినప్పుడు మనవాళ్ళెవరూ ఏడవలేదు, ఏడవాల్సిన పనీ లేదు. కానీ కరణం ఇంటిముందు నిలబడి తగువాడొచ్చు. ట్యాబుతో ఎవడు తగువాడతాడు? "సిస్టంలో రావట్లేదు" అంటే అయిపోయింది.

సిగ్నల్ లేదు, సర్వర్ పడిపోయింది, వేలిముద్ర పడలేదు అని లోపాల చిట్టా రాసే పరిశోధకులతో మాకు తగాదా అందుకే. సర్వర్ బ్రహ్మాండంగా పనిచేసిన రోజున కూడా డబ్బు ఆసామికే పోతుంది. యంత్రం చెడి కాదు, చెప్పినట్టు నడిచి.

ఆసామి సంతకంతో పనిలేకుండా, పక్క చేలవాళ్ళ సాక్ష్యంతో, గ్రామసభలో సాగుదారు పేరు ఎక్కించాలి. ఆ జాబితా పంచాయతీ గోడకే కాదు, పేటలో రామమందిరం గోడకో చర్చి గోడకో కూడా అంటించాలి. ఇచ్చిన కార్డుల్లో ఎస్సీలవి ఎన్నో మండలాలవారీగా లెక్క చెప్పాలి.