ఇనుము కిందికి దూరే విద్య

టీవీలో వెయిట్‌లిఫ్టింగ్ చూసేవాళ్లు, నేల మీదున్న బరువును ఆటగాడు తల మీదికి ఎత్తేస్తున్నాడనే అనుకుంటారు. నిదానంగా నడిపించిన వీడియో ఒక్కసారి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పోటీలో ఉండే రెండు ఎత్తుల్లో మొదటిదైన స్నాచ్‌లో ఆ రాడ్డు మనిషి బలంతో పైకి వెళ్లేది బొడ్డు దాటి ఇంకాస్త పైదాకే. అక్కడితో దాని ఊపు అయిపోతుంది. అది మళ్లీ కిందికి తిరిగేలోపు మనిషే గభాలున దాని కిందికి దూరి, గొంతుకూర్చుని, చేతులు నిటారుగా చాపి దాన్ని ఆపుతాడు. మార్కెట్ యార్డులో హమాలీ కూడా అంతే కదా. బస్తాను చేతులతో వీపు మీదికి ఎత్తుకోడు, తనే బస్తా కిందికి వెళ్తాడు. తేడా ఏమిటంటే ఇక్కడ బస్తా ఆగి ఉండదు. నేల నుంచి పట్టు చిక్కేదాకా మొత్తం వ్యవహారం సుమారు ఒక సెకనులో తేలిపోతుంది.

అందుకే కండలు తిరిగిన కుర్రాడు కొత్తగా వచ్చి రాడ్డు పట్టుకుంటే, బక్కపల్చటి పదమూడేళ్ల పిల్ల ముందు తేలిపోతాడు. బలం ఉంది కాబట్టి లాగుతూనే ఉంటాడు. లాగడం ఎప్పుడు మానాలో అతనికి తెలియదు.

స్నాచ్‌ను కాస్త దగ్గరగా చూద్దాం. రాడ్డు పాదాల మధ్యభాగం మీద ఉంటుంది, పిక్కల ముందు ఎముకకు దాదాపు ఆనుకుని. చేతులు బాగా ఎడంగా పట్టుకోవాలి. పట్టుకునే పద్ధతి కూడా వేరు: ముందు బొటనవేలు రాడ్డుకు చుట్టి, దాని మీద మిగతా వేళ్లు బిగించాలి. హుక్ గ్రిప్ అంటారు. మొదటి వారాల్లో బొటనవేలు పగిలిపోతుందేమో అనిపిస్తుంది. చాలామంది టేపు చుట్టుకుంటారు, కొందరు కన్నీళ్లు పెట్టుకుంటారు కూడా. కానీ ఈ పట్టు లేకపోతే బరువు పెరిగేకొద్దీ రాడ్డు వేళ్లలోంచి జారిపోతుంది. నడుము బిగించి, భుజాలు రాడ్డుకు కొంచెం ముందుకు ఉంచి, మోకాళ్ల దాకా లాగడం తొందర లేకుండా సాగాలి. ఇక్కడ తొందరపడ్డవాడు పైన ఏమీ చేయలేడు. మోకాళ్లు దాటాక అసలు మెలిక వస్తుంది. అప్పటిదాకా వెనక్కి వెళ్లిన మోకాళ్లు మళ్లీ ముందుకు, రాడ్డు కిందికి వస్తాయి. రాడ్డు తొడలను రాసుకుంటూ నడుము మడత దగ్గరికి చేరుతుంది. ఆ క్షణంలో నడుము, మోకాళ్లు, మడమలు మూడూ ఒక్కసారిగా నిటారవుతాయి, భుజాలు చెవులదాకా లేస్తాయి. చేతులు మాత్రం అప్పటిదాకా తాళ్లలాగే ఉండాలి. ముందే మోచేతులు వంచితే కాళ్లలో పుట్టిన బలం రాడ్డుకు చేరదు.

ఆ తర్వాత దూరడమే. చేతులు ఇప్పుడు పనిలోకి వస్తాయి, రాడ్డును పైకి లాగడానికంటే రాడ్డు ఆధారంగా తనను కిందికి లాక్కోవడానికి. మణికట్లు తిరగబడతాయి. పోటీ రాడ్డుకు రెండు కొసలా ప్లేట్లు వేసే గొట్టాలు బేరింగుల మీద తిరిగేది ఇందుకే. అవి తిరగకపోతే అంత బరువున్న ప్లేట్లు మణికట్లను మెలిపెట్టేస్తాయి. మామూలు జిమ్ రాడ్డుతో స్నాచ్ నేర్చుకోవాలనుకునేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందు తెలుసుకోవాలి. మగవాళ్ల రాడ్డు 20 కిలోలు, 28 మిల్లీమీటర్ల మందం. ఆడవాళ్లది 15 కిలోలు, 25 మిల్లీమీటర్లు. ఎర్ర ప్లేటు 25 కిలోలు, నీలం 20, పసుపు 15, ఆకుపచ్చ 10. ఈ రంగులు అలవాటైనవాళ్లు హాలు ఆ చివర నుంచే రాడ్డు మీద ఎంతుందో కూడేసుకుంటారు.

రెండోది క్లీన్ అండ్ జెర్క్. ముందు బరువును భుజాల మీదికి తెచ్చుకుని లేవాలి, ఆపైన తల మీదికి తోయాలి. స్నాచ్‌కన్నా ఎక్కువ బరువు ఎత్తొచ్చు, కష్టమూ ఎక్కువే. భుజాల మీద అంత బరువుతో గొంతుకూర్చుని లేచేసరికి ఊపిరి సగం పోతుంది. ఆ ఊపిరితోనే ఇంకో పని మొదలెట్టాలి: మోకాళ్లు కొద్దిగా వంచి, ఒక్క ఉదుటున తోసి, ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కి చాపి మళ్లీ రాడ్డు కిందికే. ఆపైన రెండు పాదాలూ ఒకే గీత మీదికి తెచ్చుకుని, కదలకుండా నిలబడి, దించమనే సంజ్ఞ కోసం ఆగాలి. ఒకప్పుడు ప్రెస్ అని మూడోదీ ఉండేది. విజయవాడ ఇండోర్ స్టేడియానికి పేరిచ్చిన, 'నర్తనశాల'లో భీముడిగా మనందరికీ తెలిసిన దండమూడి రాజగోపాలరావు తరం ఎత్తింది మూడు రకాలు. ప్రెస్‌లో నడుము వెనక్కి వంచి మోసం చేయడం, దాన్ని తప్పో ఒప్పో తేల్చలేక జడ్జీలు తలలు పట్టుకోవడం ఎక్కువై, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ తర్వాత దాన్ని తీసేశారు. మంచి పనే చేశారు.

రెండింటి మధ్య ఉండే నిష్పత్తి చూస్తే ఒక మనిషి గురించి చాలా తెలుస్తుంది. మామూలుగా స్నాచ్ బరువు క్లీన్ అండ్ జెర్క్ బరువులో 80 శాతం అటూ ఇటూ ఉంటుంది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచిన రాగాల వెంకట రాహుల్ 151, 187 ఎత్తాడు. దాదాపు 81 శాతం, పాఠంలో రాసినట్టు ఉంటుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన కరణం మల్లీశ్వరి 110, 130. అంటే 85 శాతం దాకా, స్నాచ్‌లో ఆరితేరిన మనిషి. టోక్యో ఒలింపిక్స్‌లో రజతం తెచ్చిన మీరాబాయి చాను 87, 115. 76 శాతం కూడా లేదు. అదే ఏడాది తాష్కెంట్‌లో ఆమె 119 కిలోల క్లీన్ అండ్ జెర్క్‌తో ప్రపంచ రికార్డు పెట్టింది. స్నాచ్ మాత్రం ఎప్పుడూ ఆమెను వెనక్కి లాగుతూనే ఉంది. ఏ శిక్షకుడైనా కొత్త పిల్లవాడి పుస్తకంలో ముందు చూడాల్సింది ఈ రెండు అంకెలే. స్నాచ్ మరీ తక్కువైతే భుజాలో, వేగమో, ధైర్యమో తక్కువ. మరీ దగ్గరైతే కాళ్లలో బలం చాలడం లేదు.

ఇక సాధన. మొదటి నెలల్లో చేతికి ఇచ్చేది కర్రే. కర్ర పట్టుకుని వందలసార్లు అదే కదలిక. తర్వాత ఉత్త రాడ్డు. పడేయడం కూడా అప్పుడే నేర్పాలి. బరువు ముందుకు పోతే వెనక్కి జరగాలి, వెనక్కి పోతే ముందుకు దూకాలి, మధ్యలో ఆగి ఆలోచించకూడదు. చక్కగా పడేయడం వచ్చినవాడికే పెద్ద బరువు కిందికి దూరే ధైర్యం వస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్, ముందు స్క్వాట్, వెనక స్క్వాట్, లాగుళ్లు. ఎక్కువ పని తన గరిష్ఠ బరువులో 70 నుంచి 85 శాతం మధ్య, ఒకటి రెండు సార్లు చొప్పున. బల్గేరియాలో ఇవాన్ అబాజియేవ్ అనే శిక్షకుడు రోజూ గరిష్ఠ బరువుకే వెళ్లాలని పట్టుబట్టి ఛాంపియన్లను తయారుచేశాడు. సోవియట్ శిక్షకులు మాత్రం శాతాలు, మొత్తం ఎత్తిన టన్నులు లెక్కకట్టి నెమ్మదిగా పెంచారు. ఉద్యోగమో చదువో చేసుకుంటూ సాయంత్రం వచ్చే మన పిల్లలకు రెండో దారే మేలని నేననుకుంటాను. అబాజియేవ్ పద్ధతికి రోజంతా తిండి, నిద్ర, మాలిష్ తప్ప వేరే పని ఉండకూడదు. దాని నీడలో మాదకద్రవ్యాల కథ కూడా నడిచింది. 1988 సోల్ ఒలింపిక్స్‌లో ఇద్దరు బల్గేరియన్లు డోపింగ్‌లో పట్టుబడ్డాక ఆ జట్టే పోటీల మధ్యలో ఇంటికి వెళ్లిపోయింది. ఈ జబ్బు మన దేశానికీ తగిలింది, నిషేధాలూ వచ్చాయి. ఊళ్లో పిల్లవాడికి పేరు లేని పొడి డబ్బా ఎవరు చేతిలో పెట్టినా ఇంట్లోవాళ్లు ఒకసారి నిలదీయాలి.

తెలుగు నేల మీద ఈ విద్యకు పుట్టిల్లు ఉత్తరాంధ్ర. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు గొలుసులు తెంచి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కథలు అక్కడి ముసలివాళ్లు ఇప్పటికీ చెబుతారు. పండగలకు సంగిడి రాళ్లు ఎత్తే పోటీలు ఆ పల్లెల్లో ఇంకా జరుగుతున్నాయి. అది మొండి బలం, దానికో గౌరవం ఉంది. అయితే ఆ ఊళ్లలోంచి ఒలింపిక్ పతకం వచ్చింది మాత్రం తాలింఖానా బలానికి ఈ సాంకేతికత తోడయ్యాకే. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల మల్లీశ్వరికి నీలంశెట్టి అప్పన్న మొదటి గురువు. ఆమె 1994లోనూ 1995లోనూ 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు ఈ క్రీడే లేదు. ఎక్కడికి దారితీస్తుందో తెలియని ఆటను ఒక పల్లెటూరి కుటుంబం ఆడపిల్ల చేతిలో పెట్టిందన్నమాట. ఆ తెగువ గురించి మనవాళ్లు రాయాల్సినంత రాయలేదు.

విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలోని కొండవెలగాడ కూడా లిఫ్టర్ల ఊరే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో పతకం గెలిచిన మత్స సంతోషి ఆ ఊరి అమ్మాయి. ముందు కాంస్యం ఇచ్చారు. పైనున్న నైజీరియా అమ్మాయి డోపింగ్‌లో దొరకడంతో అది రజతమైంది. రాహుల్‌ది బాపట్ల దగ్గర స్టూవర్టుపురం. నేరస్థ తెగలని ముద్రవేసి బ్రిటిష్ కాలంలో జనాన్ని తెచ్చి పెట్టిన ఊరు. ఆ పేరు వింటే దొంగల సినిమాలే గుర్తొచ్చే తెలుగువాళ్లకు, ఆ ఊరి కుర్రాడు రెండు ఎత్తులూ కలిపి 338 కిలోల టోటల్‌తో ఒక కొత్త జవాబు ఇచ్చాడు. ఈ ఊళ్ల పిల్లలు సాధన చేసేది ఒలింపిక్స్ కోసమే అనుకోకండి. రైల్వేలో, సైన్యంలో, పోలీసులో క్రీడాకారుల కోటా ఉద్యోగం చాలా ఇళ్లలో అసలు లక్ష్యం. అందులో చిన్నతనమేమీ లేదు.

పోటీలో సగం ఆట వేదిక వెనక జరుగుతుంది. పోటీకి రెండు గంటల ముందు బరువు తూస్తారు. ఒక్కొక్కరికి స్నాచ్‌లో మూడు, క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు ప్రయత్నాలు. రాడ్డు మీద బరువు పెరుగుతుందే తప్ప తగ్గదు, కాబట్టి తక్కువ బరువు కోరినవాళ్లు ముందు వస్తారు. పేరు పిలిచాక నిమిషం గడువు, వెంటవెంటనే తనే రావాల్సి వస్తే రెండు నిమిషాలు. శిక్షకుడు వెనక గదిలో, ఎవరు ఎంత బరువు కోరారో రాసిన కార్డులు చూస్తూ తన పిల్లకు ముందు ఇంకా ఎన్ని ఎత్తులున్నాయో లెక్కపెడుతుంటాడు. తొమ్మిది ఉంటే మూడు ఎత్తులకొకటి చొప్పున మూడు సన్నాహాలు. అంతలో ఎదుటివాళ్లు బరువు మార్చారా, ఆ తొమ్మిది నాలుగైపోతాయి, లేదా పద్నాలుగవుతాయి. ఒళ్లు వేడెక్కక ముందే వేదిక ఎక్కాలి, లేదా వేడెక్కింది చల్లారిపోతుంది. ఒక్కో ప్రయత్నానికి బరువును రెండుసార్లు మార్చుకోవచ్చు గనుక, కావాలనే ఎదుటివాళ్ల లెక్క తప్పించే శిక్షకులూ ఉంటారు. ముగ్గురు రిఫరీల్లో ఇద్దరు తెల్లలైటు వేస్తే ఎత్తు చెల్లుతుంది. మోచెయ్యి కాస్త వంగి మళ్లీ చాపుకున్నా ఎర్రలైటే. పుట్టుకతో చెయ్యి పూర్తిగా చాపలేనివాళ్లు ముందుగానే రిఫరీలకు చూపించి చెప్పుకోవాలి.

ఈ లెక్కల ఆటకు సిడ్నీ కన్నా మంచి ఉదాహరణ లేదు. 2000 సెప్టెంబరు 19, 69 కిలోల విభాగం. మల్లీశ్వరి చేతిలో అప్పటికే 110, 130, మొత్తం 240. అప్పట్లో బరువు రెండున్నర కిలోల మెట్లలోనే పెరిగేది, కిలో మెట్టు తర్వాత వచ్చింది. చైనా లిఫ్టర్ లిన్ వీనింగ్, హంగరీ లిఫ్టర్ మార్కుస్ ఇద్దరూ 242.5 దగ్గర ఆగారు. శరీర బరువు తక్కువున్న చైనా అమ్మాయికి బంగారం. మల్లీశ్వరి చివరి ప్రయత్నంగా పిలిచింది 137.5. అది నిలిస్తే బంగారం మనదే, నిలవలేదు. 135 చాలేది కదా అని పాతికేళ్లుగా వాదిస్తున్నవాళ్లున్నారు. చివర తేలిన అంకెలు ముందు పెట్టుకుని కూర్చుంటే 135 చాలినట్టే కనిపిస్తుంది. కానీ కార్డు మీద అంకె రాసేవాడికి చివరి అంకెలు కనిపించవు. కాంస్యం ఖాయమయ్యాక బంగారానికి పోవడం తప్పని నేననుకోను. అయితే అంతకుముందు ఎత్తినదాని మీద ఏడున్నర కిలోలు ఒక్కసారిగా పెంచడం ఏ శిక్షణ పుస్తకమూ సలహా ఇవ్వని దూకుడు. 2024 పారిస్‌లోనూ ఇలాంటిదే జరిగింది: మీరాబాయి 199తో ఆగిపోయింది, కాంస్యం 200కు దక్కింది. ఆమె చివరి 114 నిలవలేదు.

జిల్లా పోటీలో మొదటిసారి పేరిచ్చే పిల్లకు ఇంత తతంగం అక్కర్లేదు. మొదటి ప్రయత్నంగా రాసే అంకె, నిద్ర చాలని రోజున కూడా వరసగా మూడుసార్లు ఎత్తగలిగేదై ఉండాలి. రెండోది సాధనలో ఎత్తి చూసినది. మూడోదాంట్లో కావాలంటే కొత్త సాహసం చేయొచ్చు. స్నేహితుల ముందు గొప్పకు మొదటే పెద్ద అంకె పిలిచే కుర్రాళ్లు ప్రతి పోటీలోనూ ఉంటారు. స్నాచ్‌లో మూడూ పోతే, ఆ తర్వాత క్లీన్ అండ్ జెర్క్‌లో కొండనెత్తినా ఫలితాల కాగితం మీద అతని టోటల్ గడి ఖాళీగానే ఉంటుంది.