ఎర్ర ప్రాంప్ట్

ఓ రాత్రి రెండు టెర్మినల్ విండోలు పక్కపక్కనే తెరిచి పనిచేస్తున్నాను. ఒకటి పరీక్షల కోసం పెట్టుకున్న మెషీన్, రెండోది జనం వాడుతున్న అసలు సర్వర్. రెండింట్లోనూ ప్రాంప్ట్ ఒక్కటే: ఒట్టి డాలర్ గుర్తు. పరీక్ష మెషీన్ అనుకుని ఓ ఫోల్డర్ చెరిపేశాను. అది అసలు సర్వర్. బ్యాకప్ నుంచి అన్నీ వెనక్కి తెచ్చేసరికి తెల్లారింది.

కమాండ్ కొట్టే చోట ఎడమపక్కన కనిపించే ఆ చిన్న గుర్తు విలువ ఆ రోజు తెలిసింది.

మనం కొట్టిన కమాండ్లను అందుకుని నడిపించే బాష్ షెల్‌లో ప్రాంప్ట్ రూపాన్ని పీఎస్1 అనే వేరియబుల్ నిర్ణయిస్తుంది. అందులో బ్యాక్‌స్లాష్ పెట్టి యూ రాస్తే యూజర్ పేరు, హెచ్ రాస్తే మెషీన్ పేరు, డబ్ల్యూ రాస్తే మనమున్న డైరెక్టరీ కనిపిస్తాయి. రంగు కోడ్ కలిపితే ప్రాంప్ట్ రంగులోనూ వస్తుంది. రాయాల్సిన చోటు హోమ్ డైరెక్టరీలోని డాట్ బాష్ఆర్‌సీ ఫైల్. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఎల్ఎస్ కమాండ్‌కు మైనస్ ఏ తగిలిస్తేనే బయటపడుతుంది. చివరనున్న ఆర్‌సీ అన్న అక్షరాలు 'రన్‌కామ్' నుంచి వచ్చాయి. 1960లలో ఎంఐటీ కంప్యూటర్ల మీద, ఫైల్‌లో రాసిపెట్టిన కమాండ్లను వరసగా నడిపించే ఏర్పాటు పేరది.

అసలు చిక్కు ఫైల్ ఎంపికలో ఉంది. ఎస్ఎస్‌హెచ్‌తో దూరంగా ఉన్న సర్వర్‌లోకి లాగిన్ అయినప్పుడు బాష్ హోమ్ డైరెక్టరీలో ముందుగా డాట్ బాష్ ప్రొఫైల్ కోసం చూస్తుంది. అది ఉంటే డాట్ ప్రొఫైల్‌ను ముట్టుకోదు. ఉబుంటులో బాష్ఆర్‌సీని పిలిచేది ఆ డాట్ ప్రొఫైలే. అందుకే బాష్ ప్రొఫైల్‌ను కొత్తగా సృష్టించినవాళ్లు, నిన్నటిదాకా ఉన్న రంగులు ఏమయ్యాయని వెతుక్కుంటారు. 2019లో వచ్చిన కాటలీనా నుంచి మ్యాక్‌లో జెడ్‌షెల్ డిఫాల్ట్ షెల్ అయింది. అక్కడ దిద్దాల్సింది డాట్ జెడ్ఎస్‌హెచ్ఆర్‌సీ, గుర్తులూ వేరు.

బాష్‌లో రంగు కోడ్‌కు అటూ ఇటూ బ్యాక్‌స్లాష్‌తో చదరపు బ్రాకెట్లు పెట్టాలి. లేకపోతే కనబడని ఆ అక్షరాలను కూడా బాష్ లెక్కేసుకుంటుంది, పొడవాటి కమాండ్ మడత పడ్డప్పుడు వరస చెదిరిపోతుంది.

నా దగ్గర పనికి చేరిన పిల్లలకు ఇప్పుడు మొదటి రోజే ఇది నేర్పిస్తాను. ఫైల్‌కు ముందు నకలు తీసుకోండి. ఒక్క వరసే మార్చండి. కొత్త విండోలో సరిగ్గా వచ్చిందని చూశాకే పాతది మూయండి. పరీక్ష మెషీన్‌కు పచ్చ, అసలు సర్వర్‌కు ఎరుపు.

ఎంటర్ నొక్కబోతుంటే ఆ ఎరుపు కంటపడుతుంది, వేలు ఒక్క క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో కమాండ్‌ను మళ్లీ ఒకసారి చదువుకుంటాను.