ముందు అడ్డం, తర్వాత నిలువు

చైనా పిల్లలు బడిలో మొట్టమొదట నేర్చుకునే అక్షరాల్లో ‘నోరు’ ఒకటి. చూడటానికి చిన్న చతురస్రం, మన కంటికి నాలుగు గీతలు. అక్కడి టీచరు లెక్కలో మాత్రం మూడే. మొదట ఎడమవైపు నిలువుగీత. తర్వాత పైన అడ్డంగా వెళ్లి, చెయ్యి ఎత్తకుండానే మూల తిరిగి కిందికి దిగే గీత. చివర్లో అడుగు మూసే గీత.

ఎలా గీసినా చతురస్రమే వస్తుంది కదా, ఈ పట్టింపు దేనికి?

నియమాలు తక్కువే. అడ్డగీత ముందు, నిలువుగీత తర్వాత: ప్లస్ గుర్తులా ఉండే ‘పది’ ఇలాగే రాస్తారు. పైనుంచి కిందికి: ‘మూడు’లోని మూడు అడ్డగీతలదీ అదే వరుస. ఎడమకు వాలే గీత ముందు, కుడికి వాలేది తర్వాత: ‘మనిషి’ అలా పుడతాడు. ‘దేశం’ అనే అక్షరానికి చుట్టూ గోడ ఉంటుంది. మూడువైపులా గోడ కట్టి, లోపలిది రాసి, అప్పుడు అడుగుగీత వేయాలి. మనిషి లోపలికి వెళ్లాకే తలుపు వేయాలని టీచర్లు గుర్తుచేస్తారు. మినహాయింపులే అసలు కష్టం. ‘చిన్న’ అక్షరంలో నడిమి గీత ముందు వస్తే, ‘నిప్పు’లో పక్కనున్న రెండు చిన్న గీతలు ముందు వస్తాయి. ‘తొమ్మిది’, ‘బలం’ దాదాపు కవలల్లా కనిపిస్తాయి. అయినా మొదటిది వాలుగీతతో మొదలైతే, రెండోది మలుపుగీతతో మొదలవుతుంది.

ఈ వరుస విలువ వేగంగా రాసినప్పుడు తెలుస్తుంది. చెయ్యి పరుగెత్తేకొద్దీ గీత గీతతో కలిసిపోతుంది, కొన్ని గీతలు మాయమవుతాయి. మిగిలేది కుంచె నడిచిన దారి ఒక్కటే. రాసినవాడూ చదివేవాడూ ఒకే దారి నేర్చుకున్నారు కాబట్టే ఆ ముడిలోంచి అక్షరం బయటపడుతుంది. గొలుసుకట్టు రాతలో కొన్ని అక్షరాల క్రమం వేరుగా ఉన్న మాట నిజమే. అదీ తరతరాలుగా స్థిరపడిన క్రమమే తప్ప ఎవరిష్టం వారిది కాదు.

క్రీ.శ. 353లో షావోషింగ్ దగ్గర ఆర్కిడ్ మంటపంలో కవులు కలిశారు. ఆనాటి కవితలకు కుంచెరాతలో పేరుపొందిన వాంగ్ షీజీ రాసిన ముందుమాటలో 324 అక్షరాలున్నాయి. మూలప్రతి పోయింది, నకళ్లే మిగిలాయి. అందులో ఒకే అక్షరం దాదాపు 20 సార్లు వస్తుంది, ప్రతిసారీ కొత్త రూపంలో. క్రమం చేతిని కట్టేస్తుందనుకునేవారు ఆ పుట చూడాలి. దారి తెలిసిన చేతికే అంత స్వేచ్ఛ దొరుకుతుంది.

ఆ ముందుమాట మొదటి అక్షరం ‘యోంగ్’, అంటే శాశ్వతం. కుంచె సాధన చాలామందికి దీనితోనే మొదలవుతుంది. ఇందులో గీతలు ఐదు, చేతి కదలికలు ఎనిమిది. చుక్క ఒకటి; అడ్డం, నిలువు, కొక్కెం కలిసి ఒకే గీత; పైకి లేచి ఎడమకు వాలేది మరొకటి, ఆపైన పొట్టి వాలుగీత, చివరన కుడికి సాగే గీత. సంప్రదాయం ఈ కదలికలకు పెట్టిన పేర్లు చేతికి నేరుగా పాఠం చెబుతాయి. అడ్డగీతను గుర్రం కళ్లెం బిగబట్టినట్టు లాగాలి. పొట్టి వాలుగీతను పిట్ట ముక్కుతో పొడిచినట్టు వేయాలి.

మన పిల్లలు పలక మీద అక్షరాలు దిద్దినట్టే అక్కడి పిల్లలు ఎర్రగా అచ్చేసిన అక్షరాలపై నల్లగా దిద్దుతారు. తర్వాత నాలుగు గళ్ల చతురస్రాల్లో సొంతంగా రాస్తారు.

ఈ వరుస అన్ని దేశాల్లో ఒకటి కాదు. ‘ఎడమ’, ‘కుడి’ అక్షరాల పైభాగం ఒకేలా ఉంటుంది. చైనాలో రెండింటికీ అడ్డగీతే ముందు. జపాన్‌లో ‘కుడి’కి మాత్రం వాలుగీత ముందు. చైనా ప్రభుత్వం 1997లో 7,000 అక్షరాలకు గీతల క్రమం ప్రకటించింది. 2021లో అమల్లోకి వచ్చిన ప్రమాణంలో 8,105 అక్షరాలున్నాయి.

చైనా పిల్లల చదివే శక్తికీ, చేత్తో రాసే నేర్పుకూ గట్టి సంబంధం ఉందని లీ హై టాన్ బృందం 2005లో ప్రచురించిన పరిశోధన చెప్పింది. కీబోర్డుకు అలవాటుపడిన పెద్దలు కలం పట్టగానే అక్షరం మరచిపోవడం అక్కడ ఇప్పుడు అందరికీ తెలిసిన బెంగ. 2013లో జాతీయ టీవీ పిల్లలకు అక్షరాల డిక్టేషన్ పోటీ పెడితే దేశమంతా ఆసక్తిగా చూసింది.

అయితే ఫోన్ ఆ పాత క్రమాన్ని పూర్తిగా వదల్లేదు. రోమన్ అక్షరాల్లో ఉచ్చారణ టైపు చేయడం రానివారికి ఐదు మీటల పద్ధతి ఉంది: అడ్డం, నిలువు, ఎడమవాలు, చుక్క, మలుపు. ‘పది’ కావాలంటే ముందు అడ్డం, తర్వాత నిలువు నొక్కాలి. నిలువు ముందు నొక్కితే ‘పైన’ లాంటి వేరే అక్షరాలు వరుస కడతాయి.